కారు షెడ్డులో సామాను సర్దడానికి ఏ రాకులు, ఏ డబ్బాలు కొనాలి? (విజయవాడ)

కొత్తిల్లు_పటమట
అందరికీ నమస్కారమండీ. పటమటలో ఇండిపెండెంట్ ఇల్లు. కారు షెడ్డు లోపలి కొలతలు: వెడల్పు 10 అడుగులు, పొడవు 18 అడుగులు, ఎత్తు 9 అడుగుల 6 అంగుళాలు. పైన స్లాబు, ముందు రోలింగ్ షట్టర్. కారు 4 మీటర్ల లోపు హ్యాచ్‌బ్యాక్. కుడి గోడకి, వెనక మూల దగ్గర ఇన్వర్టరూ బ్యాటరీ ఉన్నాయి.

సర్దాల్సినవి: మిగిలిపోయిన 2×2 టైల్స్ పెట్టెలు 6, 20 లీటర్ల పెయింట్ బకెట్లు 2, 8 అడుగుల అల్యూమినియం నిచ్చెన, పిల్లల సైకిలు, డ్రిల్లింగ్ మిషనూ పానాలూ, బొమ్మల కొలువు బొమ్మలు 4 అట్టపెట్టెల్లో, ఎయిర్ కూలరు, తోట పనిముట్లు, పురుగు మందు సీసాలు, పాత పుస్తకాలు.

ఆన్‌లైన్‌లో 36×15 అంగుళాల 5 అరల రాకులు చూశాను. ‘అరకి 100 కిలోలు’ అని రాశారు. అవి రెండు తీసుకుని ఎడమ గోడకి వరసగా పెట్టి, 600×400 ఎంఎం ప్లాస్టిక్ క్రేట్లు ఓ పది తెప్పిద్దామని ఉంది. ఇందులో తప్పేమైనా ఉంటే చెప్పండి.

సివిల్ బాబాయ్
ఆర్డరు రెండు రోజులు ఆపండి. ముందు కారు లోపల పెట్టి, టేపుతో కొలవండి.

10 అడుగులంటే 305 సెం.మీ. పక్క అద్దాలు వదిలేస్తే కారు ఒళ్లు 170 నుంచి 175. మిగిలేది 130. ఎడమ గోడకి 15 అంగుళాల రాకు పెడితే 38 పోతుంది, ఇక 92. డ్రైవరు తలుపు తీసుకుని మనిషి దిగాలంటే 65–70 వదలాలి. అంటే కారుకీ రాకుకీ మధ్య జానెడు సందు. పక్క అద్దం ఆ జానెడులో చాలాభాగం తినేస్తుంది. రోజూ అద్దం మడుచుకుని లోపలికి రావాలి, ఒకరోజు మర్చిపోతే రాకుకి గీసుకుంటుంది.

మీకు ఖాళీ ఉన్నది వెనక గోడ దగ్గర. 18 అడుగులు 549 సెం.మీ. కారు 400, షట్టర్ దగ్గర 25 వదిలితే ఇంకా 124 ఉంది. అక్కడ 24 అంగుళాల లోతు రాకు పెట్టినా ముందు 60 పైన మిగులుతుంది, నిలబడి డబ్బా లాగడానికి సరిపోతుంది. కారు ఎక్కడ ఆపాలో తెలియడానికి ముందు చక్రం తగిలే చోట గచ్చు మీద రబ్బరు స్టాపరు బిగించండి.

బ్రాడీపేట అక్క
బాబాయ్ గారు చెప్పింది నిజం. ఇంకో చిక్కుంది, అది కొన్నాక గానీ బయటపడదు. మీరు అనుకున్న క్రేటు మీరు అనుకున్న రాకులో పట్టదు.

36×15 రాకు లోతు 381 ఎంఎం. క్రేటు చిన్న వైపే 400. ఎటు తిప్పినా ముందుకి పొడుచుకొస్తుంది. సరే, లోతు పెంచుతాం, వెడల్పు సంగతేమిటి? స్లాటెడ్ యాంగిల్ (వరసగా చిల్లులున్న ఇనుప పట్టీల) రాకులో నాలుగు మూలల పోస్టులు ‘ఎల్’ ఆకారంలో ఉంటాయి. ఆ ఎల్ రెక్క ఒక్కోవైపు 40 ఎంఎం ముందుకి తిరిగి ఉంటుంది. 36 అంగుళాలంటే 914 ఎంఎం, అందులోంచి రెండు రెక్కలు తీసేస్తే సామాను లోపలికి దూరే వాకిలి 834 మాత్రమే. క్రేటు 400 వైపు ముందుకి పెడితే రెండు కలిపి 800, దూరతాయి. అప్పుడు లోతు 600 కావాలి, అంటే 24 అంగుళాల రాకే తీసుకోవాలి.

48 అంగుళాల రాకులో 600 వైపు ముందుకి పెట్టి రెండు పట్టించొచ్చని లెక్క వేస్తారు, 1219లో 1200 కదా అని. వాకిలి 1139 మాత్రమే. మొదటిది పక్కకి జరిపినా రెండోది పోస్టు రెక్కకి తగిలి ఆగిపోతుంది. ఇది చాలామంది చేసే తప్పు.

కాబట్టి ముందు క్రేటు ఎంచుకోండి, దాన్ని బట్టి రాకు. మీ షెడ్డుకి 36×24 రాకులు రెండు, అరకి రెండు క్రేట్లు చొప్పున.

కొత్తిల్లు_పటమట
అక్కా, ఈ రెక్క సంగతి ఎక్కడా రాయలేదు. చాలా థాంక్స్. మరి 100 కిలోల మాట నమ్మొచ్చా? టైల్స్ పెట్టెలు బరువు.

ఆటోనగర్ యాంగిల్
ఆ 100 కిలోలు అరంతా సమానంగా పరిచిన బరువుకి చెప్పేది. మధ్యలో ఒకేచోట పెడితే అర సగం బరువుకే కుంగుతుంది. ఇంకా ఆ మాట రేకు గేజిని (మందాన్ని) బట్టి ఉంటుంది. గేజి నంబరు పెరిగే కొద్దీ రేకు పల్చన. అరలకి 20 గేజి, అంటే సుమారు 0.9 ఎంఎం, అంతకంటే పల్చన వద్దు. పోస్టులకి 14 గేజి, 2 ఎంఎం, 40×40 యాంగిల్. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చేవాటిలో అరలు 22 గేజి ఉండటం మామూలే.

కొట్లో 20 గేజి అని చెప్పి 22 ఇస్తే ఎలా పట్టుకోవాలి? తూకం వేయించండి. ఇనుప రేకు 1 ఎంఎం మందం అయితే చదరపు మీటరుకి 7.85 కిలోలు. 36×24 అరకి అంచుల మడత కలిపి సుమారు 0.7 చదరపు మీటరు రేకు పడుతుంది. 20 గేజి అర 5 కిలోలకి దగ్గర్లో తూగాలి. 4 లోపు తూగితే అది 22 గేజి. వెర్నియర్ (మందం కొలిచే పరికరం) పెట్టి కొలిస్తే మోసపోతారు, పౌడర్ కోటింగ్ ఒక్కోవైపు 60–80 మైక్రాన్లు కలిసి మందం ఎక్కువ చూపిస్తుంది.

24 అంగుళాల లోతు అరకి అడుగున మధ్యలో ఒక పట్టీ వెల్డింగ్ చేసి ఉండాలి. అరని తిరగేసి చూడండి. పట్టీ లేకపోతే ఏడాదికి మధ్యలో గుంట పడుతుంది.

వన్‌టౌన్ ఇనుప కొట్లలో అడిగినా, మా ఆటోనగర్ వైపు ఫ్యాబ్రికేషన్ షెడ్లలో చేయించినా ఈ నాలుగు ముక్కలు కాగితం మీద రాసి ఇవ్వండి: పోస్టు 14 గేజి, అర 20 గేజి, అడుగు పట్టీ, పౌడర్ కోటింగ్. నోటి మాట మీద వదలొద్దు. ఇక్కడ చెమ్మకి మామూలు స్ప్రే పెయింటు రెండు వర్షాకాలాలకే బోల్టు చిల్లుల దగ్గర తుప్పు పడుతుంది. చేయించుకునేదైతే కోసిన అంచులకి రెడ్ ఆక్సైడ్ (తుప్పు ఆపే ఎర్ర ప్రైమరు) వేశాకే పైపూత వేయమనండి.

సివిల్ బాబాయ్
టైల్స్ అసలు రాకులో పెట్టకండి. 2×2 వి 4 పలకల పెట్టె 25–30 కిలోలుంటుంది, 6 పెట్టెలు అంటే 150 దాటింది. పైగా పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగువి చిట్లుతాయి.

గచ్చు మీద రెండు రబ్బరు పట్టీలు పరిచి, పెట్టెల్ని నిలువుగా, పుస్తకాలు నిలబెట్టినట్టు గోడకి కొద్దిగా వాల్చి పెట్టండి. ఒక్కో పెట్టె మందం 4 సెం.మీ., ఆరూ కలిపి 25 సెం.మీ. వెనక గోడ 305లో రెండు రాకులు 183 తింటాయి, పక్కన 122 మిగులుతుంది. టైల్స్‌కి 60 సరిపోతుంది, మిగతాది ఇన్వర్టరు మూలకి. పెట్టె మీద షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఉన్న వైపు బయటికి కనపడాలి. రేపు ఒక పలక పగిలితే కావాల్సింది ఆ నంబరే.

వైరింగ్ 230
ఇన్వర్టరు మూల గురించి రెండు మాటలు చెప్పాలి, దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

నీళ్లు పోసే బ్యాటరీ చార్జింగ్ అవుతుంటే హైడ్రోజన్ వస్తుంది. దాని మీద అర కట్టి మూసేయకూడదు, పైన కనీసం అడుగున్నర వదలండి. నీళ్లు పోయడానికీ ఆ ఖాళీ కావాలి. టర్పెంటైన్, థిన్నరు, పెట్రోలు సీసా ఆ గోడ వైపే రానివ్వొద్దు. షట్టరు మూసి ఉంటే గాలి ఆడదు, కాబట్టి గోడలో పైనొక జాలీ, కిందొక జాలీ ఉండాలి.

రెండోది పానాలు. బ్యాటరీ పైన గోడకి పనిముట్ల బోర్డు పెడుతుంటారు. పైనుంచి పానా జారి రెండు టెర్మినళ్ల మీద అడ్డంగా పడితే ఆ క్షణంలో వందల ఆంపియర్లు పారతాయి, పానా ఎర్రగా కాలి అతుక్కుపోతుంది, బ్యాటరీ పేలొచ్చు. టెర్మినళ్లకి రబ్బరు టోపీలు తొడగండి, పనిముట్లు అవతలి గోడకి పెట్టండి.

గొల్లపూడి_88
ఇనుప రాకుల మీద దుమ్ము పడుతుంది. ప్లైవుడ్ కబోర్డులు చేయించి తలుపులు పెట్టించుకుంటే అందంగా ఉంటుంది కదా?

సివిల్ బాబాయ్
అందం సంగతి ఒప్పుకుంటాను. షెడ్డుకి మాత్రం వద్దంటాను. కారు కడిగిన నీళ్లు, వాన జల్లు గచ్చు మీదికి వస్తూనే ఉంటాయి. కింది అంచు నుంచి ప్లై నీళ్లు పీలుస్తుంది. పైగా చెదల బెడద ఉంటుంది, కబోర్డు వెనక గోడకి ఆనించి బిగిస్తే మట్టి దారి కట్టి ఎక్కినా కనపడదు. ఇనుప రాకులో గోడ కనపడుతూనే ఉంటుంది, చెద దారి మొదలైన రోజే తుడిచేయొచ్చు.

తప్పదంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై వాడండి, ఐఎస్ 303లోని ఎంఆర్ (చెమ్మని కొంతవరకే తట్టుకునే) రకం వద్దు. నేల మీద కాకుండా 4 అంగుళాల స్టీలు కాళ్ల మీద నిలబెట్టాలి, కోసిన అంచులన్నీ పెయింటుతో మూయాలి. గోడకీ ప్లైకీ మధ్య అంగుళం సందు ఉంచండి.

సింగ్‌నగర్ వాసి
అడుగు అర గురించి ఎవరూ చెప్పలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు నీళ్లు మా వైపు రోజుల తరబడి నిలిచాయి. అంత నీళ్లొస్తే ఏ రాకూ కాపాడదు. కానీ మామూలు వానకి రోడ్డు మీంచి లోపలికి వచ్చే నీళ్లు సాధారణంగా పాదం మునిగేంతే, వాటికి మాత్రం ముందే ఏర్పాటు చేసుకోవచ్చు.

అడుగు అర గచ్చు నుంచి 6 అంగుళాల పైన ఉండాలి, పల్లపు కాలనీలైతే 9. కింద అరలో తడిసినా పాడవని వస్తువులే: మూత బిగించిన పెయింట్ బకెట్లు, పారలు, గొలుసులు. అట్టపెట్టె అడుగున వద్దే వద్దు. పోస్టుల కాళ్లకి ప్లాస్టిక్ బూట్లు తొడుగుతారు గదా, అందులో నీళ్లు నిలిచి లోపలే తుప్పు పడుతుంది. బూటు అడుగున చిన్న చిల్లు పొడిచి తొడగండి.

పురుగు మందులు మాత్రం పైన, తాళం వేసే డబ్బాలో. నీళ్లకీ పిల్లలకీ రెంటికీ అందకుండా.

బ్రాడీపేట అక్క
బొమ్మల సంగతి చెప్తాను. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి కర్రతో చేస్తారు, దూది లాంటి తేలిక కర్ర. చెమ్మ పీల్చుకుంటే పైన రంగు పెచ్చులూడుతుంది. మట్టి బొమ్మలకి చెమ్మతో పాటు ఒత్తిడీ పడదు. షెడ్డులో పెట్టక తప్పదంటే మధ్య అరలో పెట్టండి. అడుగున చెమ్మ, స్లాబు కింద మే నెల వేడి.

ఒక్కో బొమ్మని పాత నూలు చీర ముక్కలో చుట్టండి. ప్లాస్టిక్ కవరులో నేరుగా చుడితే లోపల చెమట పట్టి రంగు కవరుకి అంటుకుంటుంది. న్యూస్‌పేపరు సిరా తెల్ల బొమ్మలకి అంటుతుంది, ఆ కాగితం బయటి పొరకే వాడండి. మూత ఉన్న డబ్బాలో సర్ది, సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు వేయండి. ఎండ కాసిన రోజు మధ్యాహ్నం మూత పెట్టండి గానీ వాన రోజున కాదు. ఏ గాలి లోపల పెట్టి మూస్తే ఆ గాలే ఏడాదంతా ఉంటుంది.

డబ్బా అడుగున త్రికోణంలో అంకె చూడండి. 5 ఉంటే పాలీప్రొపిలీన్, 2 ఉంటే హెచ్‌డీపీఈ, రెండూ మంచివే. గాజులా తళతళలాడుతూ 6 అని ఉన్నవి పాలీస్టైరీన్. అవి పెళుసు, బరువు పెట్టి ఎత్తితే మూలలు చిట్లుతాయి. పుస్తకాలు పెద్ద క్రేటులో నింపకండి, 30 కిలోలు దాటి ఎత్తలేరు. అసలు పుస్తకాలు షెడ్డులో వద్దు, ఇంట్లో అటక మీదే మేలు.

ఇంకొకటి, మా గుంటూరు వాళ్ల అలవాటు మీకూ ఉంటుందని చెప్తున్నాను. ఏడాదికి సరిపడా ఎండుమిర్చి, పచ్చడి జాడీలు చోటుందని షెడ్డులో పెడతారు. పెయింటు, పెట్రోలు వాసన మిర్చి పట్టేస్తుంది, వేడికి రంగు తగ్గుతుంది. తినే వస్తువు ఏదీ అక్కడ పెట్టకండి.

లక్ష్మీపురం ఫ్లాట్
మాది గుంటూరులో అపార్ట్‌మెంటు, సెల్లార్ పార్కింగ్. అక్కడ రాకు పెట్టుకోవచ్చా?

వైరింగ్ 230
అసోసియేషన్‌ని అడిగి, మీ గీతల లోపల, వెనక గోడకి ఒక తాళం వేసే ఇనుప బీరువా వరకూ సరే. మీటర్ల బోర్డు ముందు ఒక మీటరు ఖాళీ ఉంచాల్సిందే. ఫైర్ హోస్ పెట్టె, మెట్ల దారి మూయకూడదు. గ్యాస్ సిలిండర్ అయితే ఖాళీదైనా సెల్లార్‌లో పెట్టకండి, ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది.

కొత్తిల్లు_పటమట
ఈ రోజు కారు పెట్టి కొలిచాను. వెనక గోడకే పెడుతున్నాను, 36×24, 78 అంగుళాల ఎత్తు, రెండు. నేనే బిగించుకోవాలి. క్రమం చెప్తారా? గోడ ఏ ఇటుకో తెలియదు.

ఆటోనగర్ యాంగిల్
సామాను లెక్క: ఒక్కో రాకుకి పోస్టులు 4, అరలు 5, బూట్లు 4. అరకి మూలకి రెండు చొప్పున 8 బోల్టులు, ఐదరలకి 40. పై అరకీ కింది అరకీ మూల పలకలు వేస్తారు, వాటికి మరికొన్ని. 60 బోల్టులు, అన్నిటికీ స్ప్రింగ్ వాషర్లు అడగండి.

రెండు పోస్టులు నేల మీద పడుకోబెట్టి, చిల్లులు కింది నుంచి లెక్కపెట్టి, అర వచ్చే చోట మార్కరుతో గీత పెట్టండి. నాలుగు పోస్టులకీ ఒకే లెక్క. ఒక్క చిల్లు తేడా వస్తే అర వంకర. ముందు కింది అర, పై అర బిగించి నిలబెట్టాలి, మధ్యవి తర్వాత. అన్ని బోల్టులూ వేలితో మాత్రమే తిప్పి వదిలేయండి. మొదటి అరే పానాతో బిగించేస్తే నాలుగో అర చిల్లులు కలవవు, సుత్తితో కొట్టాల్సి వస్తుంది, పూత లేచిపోతుంది.

అన్నీ ఎక్కాక వెనక వైపు మూల నుంచి మూలకి టేపు పట్టండి. రెండు కర్ణాలూ సమానంగా రావాలి. తేడా ఉంటే పొడుగొచ్చిన కర్ణం పై మూలని చేత్తో లోపలికి నెట్టి సరిచేసి, అప్పుడు కింది నుంచి పైకి పానాతో బిగించుకుంటూ రండి.

అరల ఎత్తులు మీ సామానుని బట్టి: అడుగు అర 15 సెం.మీ. దగ్గర. దాని పైన బకెట్ల కోసం 50 వదలండి. తర్వాత రెండు గదులు క్రేట్లకి. మీ క్రేటు ఎత్తు 32 అయితే గది 37 ఉండాలి, అర మడతకి 3, క్రేటు ఎత్తి లాగడానికి 2. మిగిలిన పై గది 59 వస్తుంది, తేలికవి, పొడుగువి అందులో. కూలరు రాకులో వద్దు, టైల్స్ ముందు నేల మీద చక్రాల స్టాండు మీద ఉంచండి.

సివిల్ బాబాయ్
గోడ ఏదో తెలుసుకోవడానికి 6 ఎంఎం బిట్టుతో ఒక చిల్లు వేసి రాలే పొడి చూడండి. ఎర్రగా వస్తే మట్టి ఇటుక. బూడిద రంగులో, గట్టిగా వస్తే ఫ్లైయాష్ ఇటుక, మన ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటు బూడిద పుణ్యమా అని ఈ చుట్టుపక్కల అవే ఎక్కువ. తెల్లగా, సుద్దలా మెత్తగా వచ్చి బిట్టు వెన్నలో దిగినట్టు దిగితే ఏఏసీ (గాలి బుడగలుండే తేలిక సిమెంటు) బ్లాకు.

మట్టి ఇటుక, ఫ్లైయాష్ అయితే 8 ఎంఎం నైలాన్ ప్లగ్గు, 60 ఎంఎం స్క్రూ. ప్లాస్టరింగే 12–20 ఎంఎం ఉంటుంది, అంగుళం ప్లగ్గు కొడితే సగం ప్లాస్టరులోనే ఉండి పెచ్చుతో సహా ఊడొస్తుంది. ఏఏసీ అయితే ఇనుప యాంకరు బోల్టు వాడకూడదు, బిగించగానే అది విచ్చుకుని బ్లాకు పగులుతుంది. 10×100 నైలాన్ ఫ్రేమ్ ప్లగ్గు తీసుకుని, డ్రిల్లు హ్యామర్ మోడ్ ఆపి చిల్లు వేయండి.

రాకు పైభాగాన రెండు చోట్ల ‘ఎల్’ క్లిప్పుతో గోడకి కట్టేయండి. ఇంట్లో పిల్లలున్నారు, అరలు పట్టుకుని ఎక్కుతారు. నిచ్చెన ఎడమ గోడకి అడ్డంగా, కారు అద్దం కంటే పైన, నాలుగున్నర అడుగుల దూరంలో రెండు కొక్కేలకి తగిలిస్తే చాలు, 12 సెం.మీ. కంటే ముందుకి రాదు.

కొత్తిల్లు_పటమట
పొడి బూడిద రంగులో వచ్చింది బాబాయ్ గారూ, ఫ్లైయాషే. ఆఖరి ప్రశ్న: సైకిలు స్లాబుకి కొక్కెం వేసి కారు బానెట్ మీదుగా వేలాడదీయొచ్చా?

వైరింగ్ 230
స్లాబులో చిల్లు వేసే ముందు లైటు పాయింటు ఎక్కడుందో చూడండి. స్విచ్చు బోర్డు నుంచి ఆ పాయింటుకి పైపు స్లాబు లోపలే, చాలాసార్లు ఏటవాలుగా వెళ్తుంది. ఆ రెంటి మధ్య గీత గీసుకుని, దానికి రెండువైపులా అడుగున్నర లోపల బిట్టు పెట్టకండి. మెయిన్ ఆపి వేయండి. 8 ఎంఎం యాంకరు హుక్కుకి 50–60 ఎంఎం లోతు చాలు. మధ్యలో కణక్ మని ఇనుము తగిలితే బలవంతం చేయకుండా రెండంగుళాలు జరిగి వేయండి.

నన్నడిగితే బానెట్ మీద వద్దు. పిల్లల సైకిలు 10–12 కిలోలే గానీ, దించేటప్పుడు పెడల్ వచ్చి గీసేది బానెట్నే. ఎడమ గోడకి, నిచ్చెన కింద, వెనక మూల వైపు ముందు చక్రం తగిలే కొక్కెం వేసి నిలువుగా వేలాడదీయండి. కొక్కేనికి రబ్బరు తొడుగు ఉన్నది తీసుకోండి, లేకపోతే రిమ్ము గీసుకుపోతుంది. పిల్లలు వాళ్లంతట వాళ్లు తీసుకునేలా ఉండాలంటే వేలాడదీయకుండా గచ్చు మీద స్టాండే పెట్టండి, ఎత్తుకుని దించబోయి మీద వేసుకుంటారు.

కొత్తిల్లు_పటమట
స్టాండే పెడతానండీ. రేపు వన్‌టౌన్ వెళ్తున్నాను, తూకం వేయించి అర బరువెంతో ఇక్కడ రాస్తాను.

ఆటోనగర్ యాంగిల్
ఐదరల్లో ఒక్కటే తూకం వేయించకండి, ఐదూ కలిపి వేయించండి. 25 కిలోలకి కాస్త అటూ ఇటూ రావాలి.